ఉప్పు యాడుందో అడిగే మామ

మా మామ పోయాడన్న కబురు ఆఫీసులో ఉండగా అందింది. ఫోన్ చేసింది అత్తే. "అమ్మీ, మీ మామ పోయినాడే. కాఫీ తాగినాడు, కుర్చీలో కూచున్నాడు, అంతే" అంది. చెన్నైలో రైలెక్కి తిరువళ్ళూరులో దిగి మణవాళనగర్‌లో వాళ్ళింటికి చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. అక్కడెవరో పెద్దాయన వంటింటి వైపు తొంగిచూసి "అమ్మా, చెంబు యాడుండాది?" అని అడిగాడు. అచ్చం మామ అడిగినట్టే ఉంది. అప్పుడు ఏడ్చాను.

మామ తిరువళ్ళూరు బజారులో, మేడ మీది గదిలో కూర్చుని చిన్న దుకాణాలకు ప్రోగ్రాములు రాసేవాడు. చదువయ్యాక నేను పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఒకే ప్రోగ్రాము విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడవాలని ఆయన పట్టు. "మన ఊళ్ళో మ్యాక్ పెట్టుకుని జాకెట్లు కుట్టేవాళ్ళు ఎవరు మామా?" అంటే, "రేపు కొంటే?" అనేవాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళను నేను చూడలేదు.

ఆయన గురించి చెప్పాలంటే ఆయన చేసిన పెద్ద తప్పుతో మొదలుపెట్టాలి. తనే ఊరంతా చెప్పుకున్నాడు కాబట్టి నాకు మొహమాటం లేదు. పెళ్ళయిన కొత్తలో, ఇంట్లో జాకెట్లు కుట్టే అత్త కోసం కొలతల ప్రోగ్రాము రాశాడు. కొలతలను కూడా ఆ ప్రోగ్రాము ఫోల్డర్‌లోనే దాచాడు. కొత్త వెర్షన్ వేసే ఉత్సాహంలో ఆ పాత ఫోల్డర్‌ను తీసేశాడు. వీధి ఆడవాళ్ళ కొలతలన్నీ దాంతోపాటే పోయాయి. అత్త టేపు మెడలో వేసుకుని ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది. "నీ మొగుడి కంప్యూటరు మమ్మల్నందర్నీ మింగేసినాదంట గదా!" అని నవ్వని ఇల్లు లేదట. అప్పుడే కొత్తగా సన్నబడిన ఒకావిడ మాత్రం, మళ్ళీ కొలిచినందుకు తెగ సంతోషించిందట.

ఆ దెబ్బతో మామకు కళ్ళు తెరుచుకున్నాయి. "ప్రోగ్రాము బాడుగకుండేది అమ్మీ, ఎప్పుడైనా ఖాళీ చేస్తాది. మనిషి సామాను దాని గదిలో పెట్టకూడదు" అనేవాడు. మరి ఎక్కడ పెట్టాలి? విండోస్ దానికి యాప్‌డేటా అని ఒక చోటు ఇస్తుంది. మ్యాక్ లైబ్రరీలో ఇస్తుంది. లినక్స్ అయితే హోమ్ ఫోల్డర్‌లోనే, పేరు ముందు చుక్క పెట్టి కనబడకుండా దాస్తుంది. ఆ చోటు ఇదేనని మనమే ఊహించి ప్రోగ్రాములో రాసేస్తే మామకు ఒళ్ళు మండేది. "సిస్టాన్ని అడుగు! ఒకరి వంటింట్లోకి పోయి, మనింట్లో మాదిరి అలమర తెరుస్తావా? 'అక్కా, ఉప్పు యాడ?' అని అడగతావు గదా!"

ఇది మాటవరసకు అన్నది కాదు. ఒకసారి తిరుత్తణిలో ఒక ఫొటో స్టూడియోకి ప్రోగ్రాము వేయడానికి వెళ్ళాం. స్టూడియో వెనకే వాళ్ళిల్లు. ఆ ఇల్లాలు పూలు కొనడానికి బయల్దేరుతూ, కాఫీ కలుపుకోమని మాతో చెప్పింది. చక్కెర డబ్బా స్టవ్ పక్కనే, మూత కూడా లేకుండా ఉంది. మామ దాన్ని చూశాడు. చూసి, వీధిలోకి వచ్చి, "అక్కా! చక్కెర యాడ?" అని కేకేశాడు. పాపం ఆమె వీధి చివర నుంచి వెనక్కి వచ్చి చూపించింది. నేను తల ఎత్తలేకపోయాను.

సొంత ఇంట్లోనూ అంతే. "కంటి ముందరే ఉండాది గదా, ఏమిట్కి అడగతావు?" అని అత్త విసుక్కుంటే, "నిన్న ఈడ ఉండింది. నువ్వు మార్చింటే?" అనేవాడు. పోయినా మళ్ళీ తయారయ్యే ఫైళ్ళను వేరే చోట పెట్టి, ఎప్పుడంటే అప్పుడు తుడిచేయొచ్చని ఆయనకు ఇంకో సూత్రం ఉండేది. ఆ లెక్కన ఫ్రిజ్‌లోని సాంబారు టెంపరరీ ఫైలు. పారబోసి, "మళ్ళీ చేసుకోవచ్చు" అనేవాడు. "చేసేది ఎవురు?" అని అత్త అడిగేది.

కర్మలు అయ్యాక గండం వచ్చింది. వాళ్ళ అల్లుడు మంచివాడు. అత్తగారి లాప్‌టాప్ నత్తలా ఉందని కొత్త మ్యాక్ తెచ్చి, మామ ప్రోగ్రామును అందులో వేసి, పాతదాంట్లోంచి తీసేశాడు. అత్త కొత్తదాన్ని తెరిస్తే ఒక్క కొలతా లేదు. తమిళుల ఆవణి మాసం పెళ్ళిళ్ళ జాకెట్ గుడ్డలు మంచం మీద కుప్పగా ఉన్నాయి. నేను వెళ్ళేసరికి ఆమె వాటి పక్కన కూర్చుని ఉంది. "మళ్ళీ మింగేసినాది అమ్మీ. మీ మామ పోయి నెలన్నా కాలేదు. ఈ టయములో నేను ఒకరి గడప తొక్కొచ్చా? ఎవుర్ని పోయి కొలిచేది?"

"ఊరికే అన్‌ఇన్‌స్టాల్ చేసినాను, అంతే అక్కా" అన్నాడు అల్లుడు నాతో, గోడకు అంటుకుపోయి.

పాత లాప్‌టాప్ ఇంకా ఇంట్లోనే ఉంది. ప్రోగ్రామును తీసేసేటప్పుడు మనిషి సామాను ముట్టకూడదన్నది మామ నియమం. యాప్‌డేటాలో చూస్తే ఫోల్డర్ చెక్కుచెదరలేదు. మ్యాక్‌లో ఏ చోటో ఆయన ప్రోగ్రామే సిస్టాన్ని అడిగి తెలుసుకుంది. ఆ ఫోల్డర్ తెచ్చి అక్కడ పెట్టి ప్రోగ్రాము తెరిచాను. పాలామె, కౌన్సిలర్ భార్య, టీచరమ్మ, అందరూ మెడ, భుజం, నడుములతో సహా వచ్చేశారు. అత్త అల్లుడి వీపు మీద ఒక్కటి చరిచి నవ్వింది. మామ మీద నాకు పట్టలేనంత ప్రేమ కలిగింది.

కుట్టి ఇవ్వాల్సినవన్నీ అందులో పైన ఎర్రగా కనబడతాయి. జాకెట్ల మధ్య ఒక చొక్కా ఉంది. మొగుడి పేరు పలకని అత్త, పేరు రాయాల్సిన చోట 'ఆయన' అని రాసుకుంది. ఆమె కుప్పలోంచి కత్తిరించి ఉంచిన నీలం గుడ్డ తీసి మిషన్ ముందు కూర్చుంది. సాయంత్రానికి గుండీలు కూడా కుట్టేసింది.

"ఇచ్చేసినట్టు నొక్కేదా అత్తా?" అన్నాను.

"వచ్చి తీసుకోనీ, అప్పుడు నొక్కుదాము" అంది.

పెళ్ళి జాకెట్లన్నీ వెళ్ళిపోయాయి. హ్యాంగర్‌కు ఆ చొక్కా ఒక్కటే ఉంది. ప్రోగ్రాము తెరిస్తే పైన ఆ ఒక్క వరుసే ఎర్రగా ఉంటుంది.