పేరు రాయని అర్జీ

ఆ జవాబు కాయితం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. "జ్వరాల మందులు అన్ని ఆరోగ్య కేంద్రాల్లోనూ సమృద్ధిగా ఉన్నాయి." శాసనసభలో మా తరఫున వేసిన ప్రశ్నకి వచ్చిన సమాధానం అది. మేమడిగింది జ్వరం బిళ్లలు కాదు.

మా అమ్మాయికి రక్త క్యాన్సర్ వచ్చి తగ్గింది. రాజాం నుంచి విశాఖకి తిరిగిన ఆ రెండేళ్లలో నాకు బాగా తెలిసొచ్చింది ఒకటుంది. కీమో ఎక్కుతున్న పిల్లకి జ్వరమొస్తే గంటలో ఇంజెక్షన్ పడాలి, లేదంటే ప్రాణం మీదికొస్తుంది. దగ్గరి ఆసుపత్రికి పరిగెడితే, పిల్లని ముట్టుకోకుండానే "మా వల్ల కాదు, విశాఖ తీసుకుపోండి" అంటారు. వార్డులో నాకు పరిచయమైన నౌపడ ఆవిడ ఉప్పు మడుల్లో పనిచేస్తుంది. ఒళ్లు కాలిపోతున్న కూతుర్ని ఒళ్లో వేసుకుని విశాఖ దాకా అంత దూరమూ రైల్లో వచ్చింది. ఆ పిల్లకి ఇంకా ఏడాది కీమో ఉంది.

ఇలాంటి పిల్లల్ని ఏ జిల్లా ఆసుపత్రీ వెనక్కి పంపకూడదని చట్టం తెమ్మందామని నలుగురు తల్లులం కలిశాం. ఒక ఎమ్మెల్యే "రాసివ్వండి, సభలో అడుగుతాను" అన్నాడు. టీచర్ని కాబట్టి అర్జీ నా మీద పడింది. పైకి చదువుతూ రాస్తుంటే, క్యాన్సర్ అన్న మాట దగ్గరికి రాగానే నౌపడ ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పేరు రాయకండి టీచరమ్మా. పేరెట్టి పిలిస్తే మళ్లీ వస్తాది."

మిగతా ఇద్దరూ తలూపారు. మా ఇళ్లలో ఆ మాట ఎవరూ పైకి అనరు. మా అత్తగారైతే నేటికీ "ఆ జబ్బు" అనే అంటారు. పిల్లలకి సైన్సు చెప్పే నేను కూడా "పెద్ద జబ్బుకి మందులు వాడుతున్న పిల్లలకి జ్వరమొస్తే" అని రాసి ఊరుకున్నాను. ఎమ్మెల్యే అలాగే అడిగాడు, సర్కారు వాళ్లు అలాగే జవాబిచ్చారు. ఏ జబ్బో కనుక్కుందామని అంతమందిలో ఒక్కరికీ తోచలేదు. వాళ్ల మీద ఎంత కోపమొచ్చిందో, నా మీద నాకు అంతకంటే ఎక్కువొచ్చింది.

జవాబు ఆవిడకి చదివి వినిపించాను. వారం కిందటే ఆ పిల్లని జ్వరంతో మళ్లీ వెనక్కి పంపారు, మళ్లీ అదే రైలు.

"రాసీండి టీచరమ్మా," అందావిడ. "మొదటిపాలి ఎవులు పిలిసేరని వచ్చినాది?"

ఈసారి అర్జీలో క్యాన్సర్ అని మొదటి వాక్యంలోనే రాశాను. సంతకాల చోటు కింద ఖాళీగా ఉన్నా, ఆ మాట ఎక్కడుందో నన్నడిగి, ఆవిడ సరిగ్గా దాని పక్కనే వేలిముద్ర వేసింది.