పాగా తీసిన కొలత

మా ముత్తాత సన్యాసి దొర పద్నాలుగు ఊళ్ళ శిస్తు వసూలు చేసే ముఠాదారు. కలెక్టరు అంతటివాడు గుర్రం దిగి మా సావిడిలో మజ్జిగ తాగాడని తాత రామభద్ర దొర చెప్పేవాడు. నాన్న జగన్నాథ దొర కాలానికి ఊళ్ళు పోయి పేరు మిగిలింది. ఆ పేరు మోసుకుని, స్టీల్ ప్లాంటు పునాదులు తవ్వుతున్న రోజుల్లో, ఒక వేసవిలో నేను విశాఖపట్నం బయలుదేరాను. సముద్రం చూడ్డానికి కాదు. నా తమ్ముడు సూరి దొర కనబడక నెల దాటింది.

సూరి పోర్టులో ఇనపరాయి ఎత్తేచోట ఒక కంట్రాక్టరు దగ్గర మేస్త్రీ. మల్కాపురంలో కాపురం. జాలరివాళ్ళ పిల్ల పైడమ్మను చేసుకున్న నాటినుంచి వాడు మా గడప తొక్కలేదు, మేము వాడి గడప తొక్కలేదు. కనబడటం లేదని తెలిసినప్పుడు చిన్నాన్న వెళ్ళి పోలీసులకు ఫిర్యాదు రాయించి, ఆ సాయంత్రమే తిరిగొచ్చేశాడు. తరవాత పైడమ్మ మనిషిని పంపింది. ఉప్పుటేరు పక్క మడచెట్లలో ఒక శవం దొరికిందట. సూరి కాదని పోలీసులు అంటున్నారట. ఎవరూ రాకపోతే రేపు అనాథ శవం కింద పూడ్చేస్తారట.

విజయనగరంలో పొద్దున్నే ఆరున్నర పాసింజరు ఎక్కాను. ఆఫీసు పనికి వెళ్ళేటప్పుడు మా ఇంటి మగవాళ్ళు తలపాగా చుట్టుకుంటారు. నేనూ చుట్టుకున్నాను. ఎదురుగా వంకాయల గంప పెట్టుకుని కూర్చున్న మనిషి నన్ను పైనించి కిందిదాకా చూసి, "ఏటి బాబూ, నాటకానికేటి ఎల్తన్నారు?" అన్నాడు. పక్కవాడు, "కాదు బావా, పెళ్ళికొడుకు తండ్రి. మొకం సూడు, కట్నం తగ్గిపోనట్టుంది," అని నవ్వాడు.

"శవాన్ని చూడ్డానికి," అన్నాను.

వాల్తేరులో దిగేటప్పుడు గంపమనిషి నా సంచీ అందివ్వబోయాడు. లాక్కున్నాను.

రిక్షావాడితో బేరమాడకుండా ఎక్కి, ఆసుపత్రి వెనక శవాలు ఉంచే గది దగ్గర దిగాను. తొమ్మిదిన్నర అయింది. వరండాలో పైడమ్మ నిలబడి ఉంది. అంతకుముందు నేను ఆమెను చూడలేదు, కానీ ఆమె నన్ను చూసిన వెంటనే పోల్చుకుంది. నుదుట బొట్టు పెద్దదిగా పెట్టుకుంది. "వచ్చినారా బావగోరూ," అంది. నేను తలూపాను.

బెంచీ మీద కాళ్ళు చాపుకున్న కానిస్టేబులు లేవలేదు. "మీ బాబాయి రాయించింది అయిదడుగుల పదకొండు అంగుళాలు. ఈడేమో పొట్టోడు. మీవోడు ఏ కలకత్తాకో పారిపోనుంటాడు. ఎల్లి అక్కడ ఎతుక్కోండి," అన్నాడు.

డాక్టరును పిలవమని గట్టిగా అరిచాను. ఆయన వచ్చాడు. సన్నటి మనిషి, వాసన తగలకుండా చుట్ట కాలుస్తున్నాడు. మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళాడు. నీళ్ళూ పీతలూ మొహాన్ని మిగల్చలేదని ముందే చెప్పాడు. బల్లమీద దుప్పటి కప్పి ఉంది. పక్కన అంగుళాల గీతలున్న చెక్క మీద ఒక తొడ ఎముక పెట్టి ఉంది.

"ఈ ఎముక పొడవును బట్టి మనిషి ఎత్తు లెక్క కట్టొచ్చు. అంగుళం అటూ ఇటూ కావచ్చు. అయిదంగుళాలు తేడా రాదు. ఇతను అయిదడుగుల ఆరు ఉంటాడు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మేకను కొలిచినట్టు కొలిచి మా వంశం సంగతి మీరు చెబుతారా?"

"వంశాన్ని కొలవలేదండీ. ఎముకను కొలిచాను."

కానిస్టేబులు గుమ్మంలో కిసుక్కుమన్నాడు. పైడమ్మ మాత్రం, "అయితే ఈడు మా ఆయన కాదు కదా డాట్రు బాబూ? కాదు కదా?" అంది. గొంతులో సంతోషం తన్నుకొస్తోంది. నేను వెనక్కి తిరిగాను. పరువూ దక్కింది, తమ్ముడూ దక్కాడు, వచ్చిన పని అయిపోయిందనుకున్నాను.

గుమ్మం దాటబోతుంటే ఆమె ఆగిపోయింది. ఆ చెక్కవైపు తిరిగి చూసింది.

"బావగోరూ. మీ ఇంట్లో పాగా తోటి కొలుత్తారంట కదా? ఆయన సెప్పి నవ్వీవోడు. పాగా లేకపోతే నాను ఆయన సెవి దాకా వత్తాను."

నిజమే. మా ఇంట్లో మగపిల్లవాడికి పద్దెనిమిది నిండాక మొదటిసారి పాగా చుట్టి, కిర్రుచెప్పులు తొడిగి, సావిడి స్తంభానికి ఆనించి నిలబెడతారు. పాగా కొసన గీత గీస్తారు. చచ్చేదాకా వాడి ఎత్తు అదే. పెళ్ళి సంబంధాల్లోనైనా, కోర్టులోనైనా మేము చెప్పేది ఆ గీతే. చిన్నాన్న పోలీసులకు చెప్పిందీ అదే.

"మా సావిడి మాట ఈ పోలీసుల ముందు తియ్యడానికి నువ్వెవరు?" అన్నాను.

"ఆయన పెళ్ళాన్ని," అంది.

డాక్టరు నా వైపు చూశాడు. "మీరూ మీ తమ్ముడూ ఎవరు పొడుగు?"

"ఇద్దరం ఒకటే. వేలెడు తేడా లేదు."

"పాగా, చెప్పులు తీసి ఆ గోడకు నిలబడండి."

మా నాన్న కలెక్టరు ముందు కూడా పాగా తియ్యలేదు. నేను పాగా తీశాను. సంచీలో పెట్టబోతుంటే పైడమ్మ రెండు చేతులూ చాపింది, ఆమెకిచ్చాను. చల్లటి గోడకు వీపు ఆనించాను. డాక్టరు నా నెత్తిమీద స్కేలు పెట్టి అయిదడుగుల ఆరు అన్నాడు. "దొరగోరు అయిదంగుళాలు ఇక్కడే అరిగిపోనారు," అన్నాడు కానిస్టేబులు. వాడి గొంతు పిసకాలనిపించింది. కాళ్ళకు చెప్పులు లేవు, తలమీద పాగా లేదు. కదలకుండా నిలబడ్డాను.

"అతనికి చిన్నప్పుడు ఎముక ఏదైనా విరిగిందా?" అని డాక్టరు అడిగాడు.

"ఎడమ ముంజేయి. అటక మీంచి పడ్డాడు. కట్టు వంకరగా పడింది."

ఆయన దుప్పటి అంచు కొంచెం తొలగించాడు. ఎముక మధ్యలో కణుపులాగా ఉబ్బి, అక్కణ్ణించి పక్కకు వంగి ఉంది. ఆ చేత్తో బిళ్ళంగోడు ఆడి వాడు నన్ను ఎప్పుడూ ఓడించేవాడు.

పైడమ్మ ఏడవలేదు. బొట్టు తుడుచుకోవడానికి కొంగు నుదుటి దాకా తీసుకెళ్ళింది. "ఇక్కడొద్దమ్మా. వీళ్ళ ముందొద్దు," అన్నాను. కొంగు దించేసింది.

మూడు గంటలకు శవాన్ని అప్పగించారు. మల్కాపురం శ్మశానానికి ఆమె అన్నలు ముగ్గురూ నేనూ పాడె మోశాం. సముద్రం మీద పెరిగిన మనుషులు, ముగ్గురూ నాకంటే పొడుగు. దారి పొడుగునా పాడె నావైపే వాలింది. వాళ్ళలో పెద్దవాడు అది చూసి మోకాళ్ళు కొంచెం వంచి నడిచాడు. ఆ రాత్రి సూరి ఇంట్లోనే గంజి తాగి పడుకున్నాను. కంట్రాక్టరు మనిషి ఒక్కడూ తొంగి చూడలేదు. వాడు నీళ్ళలో ఎలా పడ్డాడో ఈనాటికీ ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పదిగంటల బస్సు ఎక్కాను. పైడమ్మ పాగా మడతపెట్టి ఇచ్చింది. సంచీలో అడుగున పెట్టాను. ఆనందపురంలో బస్సు ఆగినప్పుడు టీ తాగుదామని దిగి, గ్లాసు చేతికొచ్చాక తాగలేక పారబోశాను. ఇలాంటి పనిమీద ఆ ఊరు వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు చెబుతాను. పొద్దున్నే పోండి, మధ్యాహ్నం దాటితే డాక్టరు దొరకడు. మీ మనిషి ఎత్తు వట్టికాళ్ళ మీద ఎంతో అంతే చెప్పండి. మా తమ్ముడు పదిరోజులు పేరు లేకుండా ఆ బల్లమీద పడున్నాడంటే తప్పు ఆ చెక్కది కాదు, మాది. ఇంటికి రాగానే చిన్నాన్నకు ఆ మాటే అన్నాను. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు.

పెదకర్మ ఖర్చుకు కొండకింద మిగిలిన జీడితోట అమ్మేశాం. అందులో సూరి వాటా పైడమ్మకు ఇచ్చాం.