లవాన్ మాట ఇచ్చిన పడవ

అమెరికాలో నెబ్రాస్కా మక్కచేల మధ్య ఉన్న డోర్నిక్ ఊళ్ళో లవాన్ సెడ్లాచెక్ అంటే తూకం. ధాన్యం గిడ్డంగి కాటా దగ్గరే ఆమె బతుకంతా గడిచింది. లారీ ఎవరిదైనా సరే, ముల్లు ఎక్కడ ఆగితే అంకె అక్కడే. ఒక ఏడు సొంత అన్నే తడి మక్కలు తెచ్చి, పొడి మక్కలని రాసెయ్యమని నవ్వుతూ అడిగాడు. ఆమె కూడా నవ్వుతూనే లారీని వెనక్కి తిప్పించింది. ఆ అన్న చాలాకాలం ఆమె గడప తొక్కలేదు. తొక్కిన రోజున మాత్రం, మా చెల్లెలి కాటాకి చుట్టరికం తెలియదని ఊరంతా వినేలా చెప్పాడు. అది తిట్టో మెప్పో ఆయనకే తెలియదు గాని, లవాన్ దాన్ని మెప్పు కిందే దాచుకుంది.

కాటా వదిలాక ఆమె చేతికి బస్సు వచ్చింది. ఏటా మార్చిలో, దుక్కులు మొదలయ్యేలోగా, ఊరివాళ్ళని ఒమాహా పట్నం తీసుకెళ్ళి, ఊళ్ళు తిరుగుతూ వచ్చే సంగీత నాటకం మధ్యాహ్నపు ఆట చూపించి తీసుకొస్తుంది. తిరుగు ప్రయాణంలో డ్రైవర్ పక్కన నిలబడి, మైకు పట్టుకుని, ఆట ఎలా ఉందో ఒక్క ముక్క చెబుతుంది. ఊరికి అదే తీర్పు. బస్సెక్కని వాళ్ళు కూడా మర్నాడు లవాన్ ఏమందని అడుగుతారు. ఆ ముక్క బాగుంటేనే మరుసటి ఏడు బస్సు నిండుతుంది. నిండకపోతే బస్సే లేదు.

ఇది చిన్న సంగతి అనుకునేవాళ్ళు పట్నాల్లో ఉంటారు. వాళ్ళ గుమ్మం ముందుకి అన్నీ నడిచొస్తాయి. డోర్నిక్‌కి ఏదీ రాదు, ఏది కావాలన్నా డోర్నికే వెళ్ళాలి. పట్నం ఈ చేలు పండించింది తింటుంది, తన దగ్గర మిగిలింది ఇటు పంపుతుంది. ఆ మిగిలినదాన్ని కూడా ఈ ఊరు శుభ్రంగా తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చూడడానికి వెళుతుంది.

ఆ ఏటి నాటకం ‘మిసిసిపీ రాణి’. పోస్టరు మీద రెండంతస్తుల ఆవిరి పడవ, పొగగొట్టాలు, వాటి కింద పాడుతున్న జనం. న్యూయార్క్‌లో ఆ పడవ నిజంగానే స్టేజీ మీదికి వచ్చి ఆగేదట. లవాన్ ఆ మాట పత్రికలో చదివింది. చలికాలమంతా చర్చి వంటగదిలో, పోస్టాఫీసులో, ఎవరు కనబడినా అదే చెప్పింది. పడవ వస్తుంది, పొగ మన మీదికి వస్తుంది, ముందు వరసలో కూర్చున్నవాళ్ళు రుమాలు తెచ్చుకోండి అని. ఊరవతలి తన చేను దాటి ఎక్కడికీ కదలని ముసలి మైలో కూడా పడవ కోసం బస్సెక్కాడు. ఆయన తాత ఒకప్పుడు మిసిసిపీ నదిలో పడవల మీద పనిచేశాడు. రుమాలు కూడా తెచ్చుకున్నాడు.

దారిపొడుగునా గసగసాలు పెట్టి కాల్చిన తీపి రొట్టెలు, కొలాచీల పెట్టె చేతులు మారింది. లవాన్ వదిన బెర్నడీన్ ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని అందరికీ పంచుతూ, పడవ రాకపోతే లవానే స్టేజీ ఎక్కి తెడ్డు వేస్తుందని నవ్వించింది. లవాన్ కూడా నవ్వింది.

హాల్లో చేతికిచ్చిన పుస్తకంలోంచి ఒక చీటీ జారిపడింది. పేరున్న పాటగత్తె ఈ ఆటకి రాదు, బదులు మరొకరు పాడతారని అందులో ఉంది. సరే, ఎవరికైనా గొంతు పట్టేస్తుంది అనుకుంది లవాన్. తెర లేచింది. పడవ రావలసిన చోట పెద్ద గుడ్డ మీద పడవ బొమ్మ వెలిగింది. అది కదిలింది కూడా, టీవీలో కదిలినట్టు. పొగ కూడా బొమ్మే. స్టేజీ ముందు గుంటలో వాయించేవాళ్ళు ముగ్గురే కనబడ్డారు. మిగతా వాద్యాలన్నీ యంత్రంలోంచి వస్తున్నాయి. స్టేజీ మీది కుర్రాళ్ళు గట్టిగానే పాడారు, కాని యంత్రం ఆగదు కనుక ఊపిరి తీసుకునే వ్యవధి లేక దాని వెనక పరుగెత్తారు. లవాన్ పక్కకి చూసింది. మైలో రుమాలు మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు.

విరామంలో డోర్నిక్ వాళ్ళంతా ఒక మూల చేరారు. ఆ ప్రాంతంలో ఎవరూ దేన్నీ బాగాలేదనరు. చారులో ఉప్పు ఎక్కువైతే ‘కొంచెం వేరేగా ఉంది’ అంటారు. నచ్చని అల్లుడు కూడా వాళ్ళకి కొంచెం వేరేగానే ఉంటాడు. ఇప్పుడు అందరూ లవాన్ కళ్ళల్లోకి చూడకుండా, నాటకం కొంచెం వేరేగా ఉంది అంటున్నారు.

బెర్నడీన్ ఆమెని పక్కకి లాగింది.

"మైకులో బాగుందని చెప్పేయ్. పాటలు బాగున్నాయను, అది అబద్ధం కాదుగా. లేకపోతే వచ్చే ఏడు నీ బస్సులో నువ్వూ డ్రైవరూ తప్ప ఇంకెవరూ ఉండరు."

"కొలాచీలు మిగులుతాయి వదినా," అంది లవాన్. మాట తేలిగ్గానే అంది గాని, రెండో సగమంతా ఆమెకి స్టేజీ కనబడలేదు, ఖాళీ బస్సే కనబడింది.

ఆట ముగిసింది. ముందు వరస లేచి చప్పట్లు కొట్టింది. అక్కడ అదొక ఆచారం. ఏ ఆటకైనా లేస్తారు. ముందువాళ్ళు లేస్తే వెనకవాళ్ళకి స్టేజీ కనబడదు, కనబడాలంటే వాళ్ళూ లేవాలి. అలా హాలంతా లేస్తుంది, స్టేజీ మీదివాళ్ళు అది తమ గొప్పే అనుకుంటారు. లవాన్ కూర్చునే చప్పట్లు కొట్టింది. కుర్రాళ్ళు చెమటోడ్చారు, అంతవరకు వాళ్ళకి దక్కాలి.

"లే లవానూ, అందరూ చూస్తున్నారే."

"చూడనీ వదినా. కాళ్ళు బాగానే ఉన్నాయి. లేవడానికే ఏమీ కనబడలేదు."

సగం లేచిన మైలో ఆ మాట విని మళ్ళీ కుర్చీలో పడ్డాడు. ఆయన పక్కన పశువుల డాక్టరూ ఆయన భార్యా కూడా లేవబోయి కూర్చున్నారు. వెనక వరసలో ఒకరి చొక్కా ఒకరు లాగి కూర్చోబెట్టారు. చివరికి బెర్నడీన్ కూడా, మీ వంశమే అంత అని గొణుక్కుంటూ కూర్చుంది. నిలబడిన హాలు మధ్య డోర్నిక్ ఒక్కటే పల్లంలా కూర్చుని ఉంది.

జనం కార్ల కోసం తోసుకుపోయారు. డోర్నిక్ బస్సు ఎప్పుడూ ఆఖరునే కదులుతుంది, కనుక వీళ్ళు కదలరు. ఖాళీ అవుతున్న హాల్లో ఎవరూ వినని వీడ్కోలు వాద్యం మోగుతోంది. ఇంతలో యంత్రం ఆగింది. గుంటలోని ముగ్గురూ తమంతట తామే నాటకంలోని పడవ పాట ఎత్తుకున్నారు. నెరిసిన జుట్టు ఉన్న ఒకావిడ క్లారినెట్ వాయిస్తోంది. ఒమాహాలోనే ఉండే మనిషిట, ఈ ఆటలకి కూలికి వచ్చింది. ఇప్పుడు ఆవిడ దేని వెనకా పరుగెత్తడం లేదు. స్వరం దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, నెమ్మదిగా కదిలింది. నీళ్ళ బరువు తెలిసిన పడవ అలాగే కదులుతుంది. మైలో రుమాలు బయటికి తీశాడు.

పాట ఆగేసరికి లవాన్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఊరు ఊరంతా లేచింది.

క్లారినెట్ ఆవిడ ఆ చప్పట్లు ఎవరికోనని వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు. అప్పుడు తొందరగా వంగి నమస్కరించబోయి, ముందున్న కాగితాల స్టాండు పడేసింది.

బస్సులో లవాన్ మైకు అందుకుంది.

"ఆట బాగాలేదు," అంది. "పడవ వస్తుందని నేను మాటిచ్చాను, రాలేదు. పోస్టరూ పత్రికా చూసి నమ్మాను, కనుక్కోలేదు. లారీ మీద కప్పిన గుడ్డ చూసి తూకం రాసినట్టయింది. ఆ క్లారినెట్టు మాత్రం పూర్తి తూకం."

బస్సు చాలాసేపు చేల పక్కన పరుగెత్తింది. వెనక సీట్లోంచి మైలో అడిగాడు.

"వచ్చే ఏడు ఏది తల్లీ?"

"ఏదైనా సరే, ముందు ఫోన్ చేసి, గుంటలో మనుషులు ఎందరో అడుగుతాను. మీరొస్తారో రారో మీ ఇష్టం."

"నా పక్క సీటు కూడా ఉంచు. మా తమ్ముణ్ణి తెస్తా," అన్నాడు మైలో.

బెర్నడీన్ పెట్టెలో మిగిలిన ఒక్క కొలాచీ రుమాల్లో పెట్టి, ముందు వరసకి, లవాన్ చేతికి అందేదాకా సీటు సీటుకీ పంపింది. దారిలో ఎవరూ కొరకలేదు.

మర్నాడు కాఫీ దుకాణంలో, బస్సెక్కనివాళ్ళు ఆట ఎలా ఉందని అడిగారు. కొంచెం వేరేగా ఉందని ఆ రోజు ఎవరూ అనలేదు.

"బాగాలేదు," అన్నాడు లవాన్ అన్న, తాను వెళ్ళకపోయినా. తర్వాత కప్పు కింద పెట్టి, ఛాతీ విరుచుకుని, "మనవాళ్ళు లేవలేదు," అన్నాడు.