వానతోటకు గట్టు

సెప్టెంబరు 14, ఆదివారం. హాజరైనవారు: నేను, అక్క, బావ చెన్నారెడ్డి, వాళ్ల పక్కింటి ఓబులమ్మ. ఆలస్యంగా వచ్చినది: వాన.

అనంతపురంలో బావ తన వీధి చివర గుంత తవ్వి వానతోట వేశాడు. రోడ్డు మీది వాననీరు ఇళ్లలోకి పోకుండా ఆ గుంతలోకి దిగి, మొక్కల మధ్య ఇంకిపోవాలి. తొలి వానకు ఓబులమ్మ ఇంట్లోకి నీళ్లొస్తే గుంత పూడ్చేస్తామని కాలనీవాళ్లు తేల్చి చెప్పారట. ఫోన్లో బావ గొంతు నీరసంగా వినిపించి బయల్దేరాను.

కళ్యాణదుర్గంలో ఏడున్నర బస్సు దొరికింది. పొద్దున వెళ్లేవారు ఎడమవైపు కూర్చుంటే ఎండ తగలదు. పక్క సీటులోని శెనక్కాయల వ్యాపారి నా పని విని, "గుంత తొవ్వితే వాన వస్తాదని ఎవరు చెప్పినారన్నా?" అన్నాడు. వచ్చిన వాన కోసమని చెప్పాను. "అట్లయితే తొందరేం లేదులే" అని నిద్రపోయాడు.

అక్క పెట్టిన ఉగ్గాని, బజ్జీ తిని గుంత చూడబోయాను. లోపల వట్టివేరు బాగా నాటుకుంది. బావ జన్మంతా మెట్ట సేద్యం చేసిన మనిషి. గుంత చుట్టూ మోకాలెత్తు గట్టు వేశాడు. తవ్వినచోటల్లా గట్టు వేయడం మావాళ్ల చేతుల్లోనే ఉంది. నాకూ ముచ్చటేసి, మెత్తగా ఉన్నచోట రెండు తట్టల మన్ను పోసి తొక్కాను.

నాలుగింటికి వాన దంచింది. రోడ్డు మీది నీరు గట్టు దాకా వచ్చి, మర్యాదగా పక్కకు తిరిగి, ఓబులమ్మ గడప వైపు నడిచింది.

"గట్టు కదల్లేదు సూడు, బామ్మర్దీ" అన్నాడు బావ తృప్తిగా.

ఓబులమ్మ తడుస్తూనే వచ్చింది. "రెడ్డన్నా, నీళ్లు లోపలికి ఎట్ల పోవాల? గట్టెక్కి దుంకాల్నా?"

బావ పార తెచ్చాడు. కానీ సొంత గట్టు తెంచడానికి బావకు చేయి రాలేదు. ఆమే పార లాక్కుని రోడ్డు వైపు గండి కొట్టింది. గడప ఎక్కబోయిన నీరు గుంతలోకి మళ్లింది. "ఇల్లు తడవలేదు. గుంత ఉండనీలే" అని పార ఇచ్చి వెళ్లింది.

భోజనాల దగ్గర బావ మాత్రం, పట్టిన నీళ్లు ఆ గండిలోంచే వెళ్లిపోతాయేమోనని గొణుగుతూ ఉన్నాడు.

మరునాడు ఉదయానికి నీరంతా ఇంకిపోయింది. అయినా బావ పార పట్టుకుని వెళ్లాడు, గండి ముందు ఆగిపోయాడు. తడిమన్ను మీద ఓబులమ్మ నిండుగా ముగ్గు వేసి ఉంచింది. ముగ్గు తొక్కలేక బావ పార భుజాన వేసుకుని తిరిగొచ్చాడు.

తిరుగు బస్సులో కుడివైపు కూర్చున్నాను. మా వీధిలోనూ వానతోట తవ్వించాలి. స్థలం తర్వాత, ముందు ముగ్గు వేసే ఇల్లు చూసుకోవాలి.