సువార్తమ్మ చూసిన పిట్ట

సువార్తమ్మ గారు ఇక లేరు. గత శుక్రవారం పొద్దున, బనియాస్ కాలనీలో ఆమెతో ఒకే గదిలో ఉండే రత్నకుమారి ఫోన్ చేసి, "మేడమ్, అక్క నిద్దట్లోనే పోయిందండి" అన్నప్పుడు, నేను "ఏ అక్క?" అని అడిగాను. తెలియక కాదు. ఆ మాట ఆమె గురించి కాకూడదని మనసు మొండికేసింది.

మన తెలుగు సంఘం పత్రికలో ఇంతవరకు పదవులూ బిరుదులూ ఉన్నవారికే నివాళులు వచ్చాయి. ఇంట్లో వంట చేసిన మనిషికి సంస్మరణ ఏమిటని కొందరు అనుకోవచ్చు, అనుకోనివ్వండి. కోనసీమ నుంచి ఈ ఎడారి దేశానికి వచ్చి ఆరేళ్ళు మా ఇంట అన్నం వండిన ఆ నిరాడంబర స్త్రీమూర్తి నాకు గురువు. ఆ మాట ఆమె బతికుండగా అనలేదు.

పొట్టి మనిషి, మెత్తటి మాట. ఏం చెప్పినా "ఆయ్" అనేవారు. బియ్యం కడిగిన నీళ్ళు ప్రహరీ పక్కనున్న రేగుచెట్టుకు పోసి, అక్కడే రెండు నిమిషాలు తలెత్తి నిలబడేవారు. కాళ్ళు నొప్పేమో, సేద తీరుతున్నారేమో అనుకునేదాన్ని.

ఐకాడ్ పారిశ్రామికవాడలోని మా ఆఫీసు నుంచి వెళ్ళిపోతున్న ఒక కెనడా ఇంజనీరు తన సామాను అందరికీ పంచుతూ, నాకొక పిట్టల పుస్తకం, బైనాక్యులర్ ఇచ్చాడు. ఇక్కడ సామాన్లు అలాగే చేతులు మారతాయి. పుస్తకం చేతికి రాగానే నేను పండితురాలినైపోయాను. ఆ చలికాలం రేగుచెట్టు మీద ఒక చిన్న పిట్ట వాలింది. ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు, కంటి మీద లేత గీత. పుస్తకంలో వీరియో బొమ్మ అచ్చం అలాగే ఉంది. వీరియోలు అమెరికా ఖండాల పిట్టలని, ఆ పుస్తకం కూడా అక్కడి పిట్టలదేనని అట్ట మీద పెద్ద అక్షరాలతో ఉన్నా నా కళ్ళకు ఆనలేదు.

"అక్కా, మనింటికి వీరియో వచ్చింది! ఇగో, పుస్తకంల ఉన్నది చూడు" అంటూ వంటింట్లోకి పరుగెత్తాను.

ఆమె చేతులు తుడుచుకుని వచ్చి బొమ్మను చూశారు, పిట్టను చూశారు, మళ్ళీ బొమ్మను చూశారు.

"ఇది అది కాదండి."

"ఎట్ల కాదు? రంగు గదే కదా!"

"రంగుదేముందండి, రంగులు కలుత్తాయి. బొమ్మలో దాని ముక్కు మందంగా ఉంది, కొసన వంకీ తిరిగింది. మనదానిది సూది ముక్కండి. కాళ్ళు నల్లగా ఉన్నాయి. ఓ చోట కుదురుగా ఉండదు, తోక కిందికి ఆడిత్తా కొమ్మ కొమ్మా తిరుగుద్ది. రోజూ చూత్తన్నాను కదండి."

బైనాక్యులర్ ఇవ్వబోతే అక్కర్లేదన్నారు. వీరియో ముక్కు కొసన కొక్కెంలా వంగి ఉంటుందని, అది నెమ్మదిగా కదిలే పిట్ట అని బొమ్మ కిందే రాసి ఉంది. నేను బొమ్మ చూసి ఆగిపోయాను. ఆమెకు ఇంగ్లీషు రాదు.

శుక్రవారాలు పిట్టలు చూడ్డానికి వెళ్ళే ఒక బృందంలో అప్పుడే చేరాను. ఆమె చెప్పిన గుర్తులన్నీ పొల్లుపోకుండా వాళ్ళ ఫోను గ్రూపులో రాశాను. బృందం పెద్దాయన, అది చిఫ్‌చాఫ్ అని, దాని కవల లాంటి విల్లో వార్బ్లర్ నుంచి వేరు చేసేవి ఆ నల్లటి కాళ్ళు, తోక ఆడింపేనని జవాబిచ్చి, "ఎంత సునిశితమైన పరిశీలన!" అని నన్ను మెచ్చుకున్నాడు. నేను ధన్యవాదాలు చెప్పాను. బృందం రాసుకునే పిట్టల జాబితాలో, చూసినవారు అన్న చోట నా పేరు ఎక్కింది.

వేసవి ముందు ఆమె మళ్ళీ పిలిచారు. "దీని కాళ్ళు తెల్లగా ఉన్నాయండి, తోకా ఆడించట్లేదు. దాని చెల్లెలేమో!" విల్లో వార్బ్లరే. అదీ నా పేరునే ఎక్కింది. ఏ పిట్ట పేరు అడిగినా ఆమె అనే మాట ఒకటుంది: "పేరు తరవాతండి. ముందది ఏం చేత్తందో చూడాలి."

ఒకసారి ఒక పిట్ట కిటికీ అద్దానికి కొట్టుకుని పడిపోయింది. నేను నీళ్ళు తాగించబోతే ఆపారు. "నీళ్ళు కాదండి, దానికి చీకటి కావాలి" అని చెప్పుల పెట్టెలో పెట్టి మూత వేశారు. అరగంటకు అది ఎగిరిపోయింది. తర్వాతి ఏడాది మా అమ్మ పోయి, నాకు సమయానికి ప్రయాణం కుదరనప్పుడు, సువార్తమ్మ గారు కర్టెన్లు వేసి నన్ను పడుకోబెట్టి, తలుపు బయట సాయంత్రం దాకా కూర్చున్నారు. నేను లేచాక చారన్నం పెట్టారు.

అలాంటి మనిషికి నేను చేసింది ఇది. ఒకరోజు ఫోనులో ఆ జాబితా చూపిస్తే, ఆమె నవ్వుతూనే అడిగారు.

"నా పేరు కూడా రాశారా అండి?"

"ఈసారి రాస్త అక్కా."

"ఆయ్" అన్నారు. మళ్ళీ ఎన్నడూ అడగలేదు. ఆ తర్వాత కూడా నాలుగేళ్ళు నాకు పిట్టలను చూపిస్తూనే ఉన్నారు. వంటమనిషి చూసిందంటే నమ్మరని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ మెప్పు నాకు తియ్యగా ఉండింది.

నిన్న ఆమె పార్థివదేహాన్ని విమానానికి అప్పగించి వచ్చి, బృందానికి రాశాను: రేగుచెట్టు మీద నేను చూశానన్న పిట్టలన్నీ సువార్తమ్మ గారు చూసినవి, పేరు మార్చండి అని. పోయారని రాయడానికి చేతులు రాలేదు. పెద్దాయన గంటలోపే అన్నిచోట్లా మార్చాడు. ఎన్ని సువార్తమ్మలో ఆ జాబితాలో!

అమ్మా, మీరు అడిగిన పని ఇన్నేళ్ళకు చేశాను. మీలా చూసే కళ్ళు నాకు ఇక దొరకవు. చేతులెత్తి నమస్కరిస్తున్నాను, క్షమించండి.

మార్చిన జాబితాతోపాటు పెద్దాయన ఒక మాట రాశాడు: "ఇలాంటి మనిషిని ఇన్నాళ్ళూ మాకు ఎందుకు పరిచయం చేయలేదు? ఈ శుక్రవారం ఆమెను తప్పకుండా వెంటబెట్టుకుని రండి."

శుక్రవారం రేపే. ఆయనకు ఇంకా జవాబు రాయలేదు.