బురదకిచ్చిన చల్లగది

నూజివీడు చుట్టుపక్కల ఏటా మొదటి బంగినపల్లి లారీ నా పేరుతోనే ఢిల్లీకి కదిలేది. నేను చదివింది ఊరి బడిలో ఏడో తరగతి. అయినా రాళ్ల నేలను తోట చేసింది నేను, రైతు సొంతంగా చల్లగది కట్టుకోవచ్చని చూపించిందీ నేనే. పెట్టె మీద బసవపున్నారావు అని ఉంటే మూత తీయకుండా కొనేవారు.

అలాంటి గదిలో మొన్న వేసవికి ముందు బురద పెట్టాను.

మా తమ్ముడి కూతురు సుప్రజ యూనివర్సిటీలో నేల పొరల మీద పరిశోధన చేస్తోంది. సముద్రం వెనక్కి జరిగి పూడిపోయిన పాత రేవును వెతుకుతూ, దివిసీమ పొలంలో పొడవాటి గొట్టాలు దించి, పొరలు చెదరకుండా మట్టి తీశారు. ల్యాబులో చోటు దొరికేదాకా దాచమంది.

“నాలుగు డిగ్రీలు దాటకూడదు పెదనాన్నా. ఎండితే పొరలు పగిలిపోతాయి. ఆ పొలం రొయ్యల చెరువుకి తవ్వేశారు, మళ్ళీ తీయలేం.”

సరేనన్నాను. ఆ ఏడు కాయ ముందే తయారైంది. ల్యాబు బండి జాడ లేదు. కాయనూ అదే గదిలో, అంత చలిలో పెడితే బంగినపల్లి తోలు నల్లబడుతుంది. గది దగ్గరికి, తోటలోకి, రోడ్డు మీదికి తిరుగుతూనే ఉన్నాను.

“బురదకి ఏసీ, కాయకి ఎండా! కాస్త కూర్చోండి, మిమ్మల్ని చూస్తుంటే నాకే కాళ్లు లాగుతున్నాయి” అంది మా ఆవిడ రాజ్యలక్ష్మి.

“గొట్టాలు నీడలో పెట్టి తడిగోనెలు కప్పేద్దామండీ. ఎవరు చూడొచ్చారు?” అన్నాడు తోట మేస్త్రి హనుమయ్య.

ఒక గొట్టాన్ని గుమ్మందాకా మోయించాను కూడా. దాని మీద ‘పైభాగం’ అని సుప్రజ చేతిరాత. ఆ రొయ్యల చెరువు గుర్తొచ్చి, లోపల పెట్టించేశాను.

కాయను, నన్ను చూసి చల్లగది కట్టుకున్న పక్క ఊరి సాయికుమార్ దగ్గరికి తోలించాను.

“గది ఇస్తాను బాబాయ్. లారీ మీద పేరు మాత్రం నాది” అని నవ్వాడు. మొదటి లారీ వాడి పేరుతోనే వెళ్లింది. నేను చూడ్డానికి వెళ్లలేదు.

వానలు పడ్డాక సుప్రజ ఫోన్ చేసింది.

“గొట్టం కోశాం పెదనాన్నా. కింద అలలు తెచ్చిన ఇసుక, పైన నది తెచ్చిన ఒండ్రు, మధ్యలో మెత్తటి నల్ల బురద. నీళ్లు కదలని చోటే అలా పేరుకుంటుంది. రేవు అక్కడే అయ్యుండొచ్చు, గవ్వల వయసు తేలాలి.”

“పగుళ్లో?”

“ఒక్కటీ లేదు.”

ఆ మాట ఊరంతా చెప్పాను. ఈ ఏడు ఇంకో చోట మట్టి తీస్తుందట. అందుకే బురదకని పక్కనే చిన్న గది కట్టిస్తున్నాను. పూత పిందె కట్టేలోపు కప్పు పడాలి. తాపీమేస్త్రి ఇంకా రాలేదు. గేటుదాకా వెళ్లొచ్చాను, మళ్ళీ వెళ్తున్నాను. ఈసారి మొదటి లారీ నాదే.