అమ్మ చాటుగా అలికిన పలక

మూఢనమ్మకాన్ని వెక్కిరించి మీరు ఇంతవరకు ఎవరినైనా మార్చారా? నేను మార్చాననుకున్నాను, మా అమ్మని.

డెబ్బైల చివర నర్సీపట్నంలో బడిపంతులుగా ఉండేవాణ్ణి. సాయంత్రాలు సభల్లో శకునాల మీదా మైల మీదా నిప్పులు చెరిగేవాణ్ణి. మా పెరట్లో స్నానాల నీళ్లు ఇంకే గుంట ఉండేది. ఆ బురదలో అమ్మ ఒకసారి జారింది. మళ్లీ పడితే నడవలేదని డాక్టరు గారు హెచ్చరించారు.

మా అక్క భర్త ఓవర్సీరు. గుంట మీదికి నీళ్లు దిగిపోయే సిమెంటు పలక పోశాడు. ఇసుక వెయ్యకుండా సన్న కంకరా సిమెంటూ కలిపితే మరమరాల ఉండలా సందులు మిగులుతాయి. పూడిక తీసేటప్పుడు ఆడవాళ్లు ఎత్తగలగాలని కొంత కంకర బదులు రైలింజన్లు పారబోసిన, తేలికగా ఉండే కాలిన బొగ్గు పెళ్లలు వేశాడు.

పోసిన వారమే అమ్మ దాన్ని పేడతో అలకబోయింది.

"సిమెంటుకి పేడ పూస్తే గానీ రాని లక్ష్మి, గొడ్లసాలలోనే కాపరం పెట్టుకోవచ్చు కదే" అన్నాను. పక్కింటివాళ్లు నవ్వారు. అమ్మ పేడ తట్ట తీసుకుని పెరటి చివరికి వెళ్లిపోయింది. గెలిచాననుకున్నాను.

కొన్నాళ్లకు పలక మీద నీళ్లు నిలవసాగాయి.

"సందులు చాల్లేదు బావా, బొగ్గు పెళ్లలు పెంచి ఇంకోటి పొయ్యి. సిమెంటు తగ్గించు."

"బలం పోతాదోయ్. పలకంటే నీ ఉపన్యాసం కాదు, మనిషిని మొయ్యాల."

పట్టుబట్టి పోయించాను. పాత పలకలో నీళ్లెందుకు దిగలేదో వంగి చూడలేదు. హేతువాదిని!

ఆ వానాకాలంలో కొత్త పలక అమ్మ కాలి కింద విరిగింది. పాదం గుంటలోకి దిగిపోయి, మడమ పైన ఎముక విరిగింది. ఎత్తుకుని అరుగు మీద కూర్చోబెట్టి, విరిగిన ముక్క తిప్పి చూశాను. సందుల నిండా పేడ.

"పాతదీ ఇదీ నానే అలికినాన్రా" అంది నొప్పితో మూలుగుతూ. "నువ్వు ఇస్కూలుకెళ్లిపోయాక, శుక్రారం శుక్రారం. సెప్తే మళ్లీ నలుగుర్లో నవ్విస్తావని..."

కట్టు కట్టించి తెచ్చాక, ఒక ముక్క శుభ్రంగా కడిగి, ఇంకో ముక్క అలాగే ఉంచి, రెండింటి మీదా ఆమె ముందే చెంబుతో నీళ్లు పోశాను. కడిగిన దాంట్లోంచి జలజలా కారిపోయాయి. రెండోదాని మీద మడుగు కట్టాయి.

అమ్మ ఆ మడుగులో వేలు పెట్టి చూసింది. "ఏటిరా, ఇంతేనా? ఈ మాట ముందే సెప్పొచ్చు గదా. పక్కన మట్టినేల అంతుంది, అక్కడ అలుక్కుందును."

బావ ఈసారి బొగ్గు పెళ్లలు తగ్గించి, గుప్పెడు ఇసుక చేర్చి కాస్త మందంగా పోశాడు. ఎత్తడానికి ఇద్దరు కావాలి, నీరు కొంచెం నెమ్మదిగా దిగుతుంది, కానీ విరగలేదు. అమ్మ మాత్రం బతికినన్నాళ్లూ గోడ పట్టుకునే దాని మీదికి నడిచింది. నా సభల్లో చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చి ఆ నడక చూసినప్పుడల్లా నా నోరంటే నాకే రోత పుట్టేది.

మీ ఇంట్లో మీరు ఏ ఆచారాన్ని తప్పంటున్నారో, దాన్ని పాటించే మనిషి పక్కన ఇవాళే కూర్చోండి. వెక్కిరించకండి. ఆ తప్పేమిటో కళ్లకు కనబడేలా చేసి చూపించండి.